ఆలుగడ్డల పొట్టు యాక్టివిటీ కాదట

కాలిఫోర్నియా సన్నీవేల్‌లో, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా "మీరేం చేస్తుంటారండీ?" అన్న ప్రశ్న తప్పేది కాదు. "రష్యన్ మాట్లాడే పెద్దవాళ్ళ డే సెంటర్‌లో వాలంటీర్‌గా చేస్తున్నానండీ" అనేదాన్ని. అడిగినావిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఓ, అంటే ఇంట్లోనే ఉంటున్నారన్నమాట" అని పులిహోర వడ్డించుకోవడానికి వెళ్ళిపోయేది. బాగుంది సంబడం! వారంలో నాలుగు రోజులు పొద్దున్నే బస్సెక్కి పోయి, మధ్యాహ్నం దాకా కాళ్ళు పీక్కుపోయేలా నిలబడి వచ్చే మనిషి ఇంట్లో ఉన్నట్టెలా అవుతుంది? జీతం రాకపోతే మనిషి కాలూ చెయ్యీ కదపనట్టేనా? అడుగుదామనుకునేదాన్ని. ఈలోగా ఆవిడ ఇంకొకరితో కలిసి ఫ్రీమాంట్‌లో ఇళ్ళ ధరల గురించి మాట్లాడుతుండేది.

ఇది రెండువేల పన్నెండు, పదమూడు నాటి మాట. మావారిది హెచ్ వన్ వీసా, నాది హెచ్ ఫోర్. హెచ్ ఫోర్ మీదున్న భార్యలకు ఉద్యోగం చేసుకునే అనుమతి అప్పటికింకా రాలేదు. హైదరాబాదులో నేను రష్యన్‌లో ఎమ్మే చేశాను. ఆ భాష నేర్చి ఎవర్ని ఉద్ధరిస్తావని మా చుట్టాలంతా నవ్వినవాళ్ళే. నవ్వితే నవ్వారు గానీ, ఇక్కడికొచ్చి అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చున్న నన్ను గడప దాటించింది ఆ భాషే.

ఆ సెంటర్ ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కుకూ డోనట్ల కొట్టుకూ మధ్య ఉండేది. పొద్దున్నే వ్యాన్లు ఇళ్ళకు పోయి పెద్దవాళ్ళను ఎక్కించుకొచ్చేవి. ఖార్కొవ్ నుంచి, ఒదెస్సా నుంచి, మిన్స్క్ నుంచి, తాష్కెంట్ నుంచి, సోవియట్ దేశం ముక్కలయ్యాక పిల్లల వెంట వచ్చిపడ్డవాళ్ళు వీళ్ళు. నర్సు బీపీ చూసేది, కాళ్ళకు చేతులకు కసరత్తు చేయించేవారు, మధ్యాహ్నం వేడిగా భోజనం పెట్టేవారు. బయట వెయిటింగ్ లిస్టు ఉండేది, రావడం మానేస్తే ఆ సీటు ఇంకొకరికి పోయినట్టే. అక్కడి రష్యన్‌ని ఇంగ్లీషు చెయ్యడం, ఇంగ్లీషుని రష్యన్ చెయ్యడం నా పని. ఛ, మళ్ళీ పని అన్నాను. నా సేవ అనాలి కాబోలు.

వాళ్ళలో ఎనభై దాటినావిడ ఒకామె ఉండేది. ఖార్కొవ్‌లో ట్రామ్ నడిపిన మనిషి. వ్యాన్ దిగడం, కోటు కొక్కేనికి తగిలించడం, తిన్నగా వంటింట్లోకి పోయి ఏప్రన్ కట్టుకోవడం, ఇదీ ఆమె వరస. తలుపు పక్కన స్టూలు ఆమెది. మధ్యాహ్నం సూప్‌కి కావలసిన ఆలుగడ్డలన్నీ (మావారు గుంటూరు వాళ్ళు, బంగాళాదుంప అనకపోతే ఒప్పుకోరు) పొట్టు తీసేది ఆమే. వంట చేసేది మెక్సికో నుంచి వచ్చినావిడ. ఆమెకు రష్యన్ రాదు, ఈమెకు స్పానిష్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పొద్దంతా ఏదో ఒకటి చెప్పుకుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ, పగలబడి నవ్వుతుండేవారు.

ఒకసారి నేను మురిసిపోతూ, "మీకు వంటంటే ఎంతిష్టమో కదా!" అన్నాను. కసిరింది.

"ఇష్టమని నీకెవరు చెప్పారు అమ్మాయ్? వంటంటే నాకు పరమ చిరాకు. ముప్పొద్దులా మా ఆయనే వండేవాడు. నాకు పని జరిగేచోట ఉండాలి, అంతే. ఆ హాల్లో కుర్చీలో పెట్టారంటే నెల తిరక్కుండా పోతాను."

ఆ మాట అన్న కొద్ది రోజులకే మాకు కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. మనిషి చెడ్డది కాదు, అదే నా ఖర్మ. చెడ్డదైతే తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. ఎప్పుడూ నవ్వు మొహం, అందరినీ 'డియర్' అనడం. వచ్చీ రాగానే హాల్లో గోడకు ఇంత పెద్ద యాక్టివిటీ క్యాలెండర్ అంటించింది. ఒకరోజు బెలూన్ వాలీబాల్, ఒకరోజు బొమ్మలకు రంగులద్దడం, ఒకరోజు బింగో. యుద్ధం చూసినవాళ్ళు, వంతెనలు కట్టినవాళ్ళు, పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్ళు కూర్చుని చిలకబొమ్మకు పచ్చరంగు పూయాలి. గీత దాటకుండా పూస్తే చప్పట్లు.

వంటింటి గుమ్మంలో నిలబడి, ట్రామ్ నడిపినామెను చూపిస్తూ డైరెక్టరమ్మ నాతో దిగులుగా అంది. "చూడండి డియర్, పాపం ఈవిడకు ఒక్క యాక్టివిటీ కూడా లేదు."

పాపం ఆవిడ అప్పటికి సగం బస్తా పొట్టు తీసింది!

"మరి ఆమె చేస్తున్నది ఏమిటండీ?" అన్నాను.

"అది యాక్టివిటీ కాదు, అలవాటు. పైగా క్లయింట్లు వంటింట్లో ఉండకూడదు. వేలు తెగితే ఇన్సూరెన్స్‌తో గొడవ." ఆమె ఆగి, "తొందరేం లేదులెండి, మన పెద్దవాళ్ళ మీద ఒక ప్రొఫెసర్ గారు స్టడీ చేస్తారు, అదయ్యాక సెంటర్ కమిటీతో కూర్చుని తేలుద్దాం" అంది.

ఆ విధంగా ఒక ముసలామె స్టూలు ఉంటుందా ఊడుతుందా అన్నది ఒక ప్రొఫెసర్ చేతిలో పడింది.

ఆయన ఒక యూనివర్సిటీ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. పని గురించీ, చురుగ్గా ఉండటం గురించీ రష్యన్ మాట్లాడేవాళ్ళ ఆలోచన తరం నుంచి తరానికి ఎలా మారిందో తేల్చాలని ఆయన పట్టుదల. పద్ధతి చాలా సులువు. నేనొక మాట రష్యన్‌లో చదువుతాను. ఎదుటి మనిషి మనసుకు తట్టిన మొదటి మాట చెప్పాలి. బల్ల మీద రికార్డర్ తిరుగుతుంటుంది. పని, విశ్రాంతి, సమావేశం, రేపు, ఇలా మాటలు. చివరగా యాక్టివిటీ. రష్యన్‌లో కూడా దాదాపు అదే మాట, అక్తీవ్నొస్త్.

"ఆలోచించొద్దని చెప్పండి. ఆలోచిస్తే పాడైపోతుంది" అన్నాడు నాతో.

మొదట్లో నాకు సరదాగానే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ ఆ సరదా మొదటి పూటకే దిగిపోయింది. ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ముందు రికార్డర్ పెట్టి, చేతిలో కాగితం పట్టుకున్న పరాయివాడు 'ఆలోచించకుండా మాట్లాడు' అంటాడా! ఆలోచించకుండా మాట్లాడిన పెదనాన్న ఇంటికి తిరిగి రాలేదని చెప్పుకునేవాళ్ళు ఆ హాల్లో ఎంతమందో.

మొదట చదరంగం ఆడే తాత వచ్చాడు. మిన్స్క్‌లో ఇంజనీరుగా చేసినాయన. 'పని' అన్నాను. రికార్డర్ వంక చూశాడు, ప్రొఫెసర్ వంక చూశాడు, కాలర్ సర్దుకున్నాడు. "ఆనందం" అన్నాడు. 'విశ్రాంతి' అంటే "ఆరోగ్యం". 'సమావేశం' అంటే "ఐకమత్యం". 'యాక్టివిటీ' అంటే "దీర్ఘాయువు". రెండో మనిషి వచ్చింది. ఆనందం, ఆరోగ్యం, ఐకమత్యం, దీర్ఘాయువు. మూడో మనిషీ అంతే. ప్రొఫెసర్ మొహం వెలిగిపోయింది. "చూశారా, ఎంత ఒకేలా ఉందో! ఆ వ్యవస్థ ఎంత లోతుకు దిగిందో చూడండి" అని గుసగుసలాడాడు.

నాకు అనుమానం వచ్చి మంచినీళ్ళ వంకతో కారిడార్‌లోకి వెళ్ళాను. ఇంకేముంది! చదరంగం తాత గోడకానుకుని నిలబడ్డాడు. చుట్టూ పదిమంది.

"పని అంటే ఆనందం అనండి. సమావేశం అంటే నిద్ర అని మాత్రం పొరపాటున కూడా అనకండి. ఆఖర్న యాక్టివిటీ అడుగుతాడు, దానికి దీర్ఘాయువు. గట్టిగా చెప్పండి, మైకుంది."

"తప్పు చెబితే సిటిజన్‌షిప్ ఆపుతారా?" ఒక బామ్మ బెదురుతూ అడుగుతోంది.

నవ్వు రాలేదు నాకు. ఎందుకంటే ఇది మా వ్యవహారమే. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ఇంకా తెరవక ముందు, వీసా కోసం చెన్నై పోయిన రోజు గుర్తొచ్చింది. కాన్సులేట్ బయట ఎండలో తెలుగువాళ్ళంతా గుంపు. లోపల్నుంచి ఎవడు బయటికొచ్చినా చుట్టుముట్టడమే. "అన్నా, ఏ కౌంటర్? ఏం అడిగిండు? తిరిగొస్తవా అంటే ఏం చెప్పినవ్?" ఒకాయన చెప్పిన జవాబునే మేమంతా వల్లెవేసుకుంటూ లోపలికి పోయాం. మా మనసుల్లో మొదట తట్టిన మాట ఏమిటో ఆ అద్దం వెనక కూర్చున్న దొరకు చెబితే ఒక్కరికైనా వీసా వచ్చేదా? అధికారం ఉన్నవాడు అడిగినప్పుడు మొదటి మాట మింగేసి సరైన మాట చెప్పడం బతకనేర్చినవాళ్ళు చేసేదే.

అందరికన్నా ఆఖర్న ట్రామ్ నడిపినామెను పిలిచారు. ఆమె కారిడార్‌లో లేదు కదా, వంటింట్లో ఉంది. తాత పాఠం ఆమె చెవిన పడలేదు. తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చి, "తొందరగా కానీ అమ్మాయ్, నీళ్ళు మరుగుతున్నాయి" అంది.

'పని.' "చేతులు." 

'విశ్రాంతి.' "ఆదివారం."

'సమావేశం.' పకపకా నవ్వింది. "నిద్ర!"

'రేపు.' "క్యాబేజీ." మర్నాడు క్యాబేజీ సూప్ అని నాకు తెలుసు, వంటావిడకు తెలుసు.

'యాక్టివిటీ.' ఈసారి ఆగింది. కళ్ళు చిన్నవి చేసుకుని నన్ను చూసింది. "ఎవరికోసం?" అంది.

ప్రొఫెసర్ మళ్ళీ అడగమన్నాడు. అడిగాను. "అదే అంటున్నా. ఎవరికోసం? మా డిపోలో కూడా ఈ మాటే అనేవాళ్ళు, జెండా పట్టుకుని నిలబడటాన్ని. ట్రామ్ నడపడాన్ని ఎవడూ అనలేదు." లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఇన్ని జవాబుల్లో ఒక్కటంటే ఒక్కటి నిజమైన జవాబు దొరికింది కదా అని ప్రొఫెసర్ వైపు తిరిగాను. ఆయన పెన్నుతో ఆమె కాగితం మీద అడ్డంగా గీత కొడుతున్నాడు.

"ప్రశ్నకు ప్రశ్న జవాబు కాదు. రేపు అంటే క్యాబేజీ ఏమిటి? సంబంధం లేదు. వయసు ప్రభావం అయ్యుంటుంది. ఈమెను తీసేద్దాం" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వల్లెవేసిన వాళ్ళంతా లెక్కలోకి, ఉన్నదున్నట్టు చెప్పినామె లెక్కలోంచి బయటికి! కారిడార్ సంగతి ఆ క్షణమే చెప్పాల్సింది, కానీ తాత మొహం గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. వాళ్ళ భయం నాకు తెలియనిది కాదు.

తర్వాతి వారం కుర్రవాళ్ళ వంతు. ఒక ఆఫీసులో లంచ్ రూమ్. అక్కడి రష్యన్ ఇంజనీర్లు ఫోన్ మీంచి కళ్ళు తీయకుండా, నేను మాట పూర్తి చేసేలోగానే జవాబు పడేసేవారు. పని అంటే "డెడ్‌లైన్", "ప్రాజెక్ట్", "వీసా". విశ్రాంతి అంటే "జిమ్". ఒకమ్మాయి మాత్రం విశ్రాంతి అనగానే "తప్పు చేసినట్టు" అంది. యాక్టివిటీ అనేసరికి ఒకడు మణికట్టుకు కట్టుకున్న రబ్బరు పట్టీ చూపించాడు. రోజంతా వేసిన అడుగులు అదే లెక్కపెడుతుందట. వీళ్ళ అమ్మమ్మలకు ఆ మాట వింటే చేతులెత్తించే మీటింగు గుర్తొస్తుంది, వీళ్ళకేమో కంపెనీ షటిల్ బస్సు దిగి పార్కింగ్ లాట్ చుట్టూ తిరగడం గుర్తొస్తుంది. అప్పుడు ఎవడో పైనుంచి చూసేవాడు, ఇప్పుడు చేతికే కట్టుకు తిరుగుతున్నారు.

ప్రొఫెసర్ మాత్రం ముచ్చటపడిపోయాడు. "ఎంత మార్పు! ఎవరూ చెప్పకుండానే కదిలే తరం. సొంత చొరవ!"

సొంత చొరవ, నా మొహం. గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా మేనేజర్ ఎదుట నోరెత్తలేని చొరవ. మా ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు, ఆ చొరవ ఎంతుందో నాకు తెలియదా?

ఆ సాయంత్రం మావారితో ఇదంతా వెళ్ళగక్కాను. అన్నం కలుపుకుంటూ విని, "నీకెందుకు చెప్పు ఈ గోలంతా? నువ్వు వాలంటీర్‌వి. ఇంటర్‌ప్రెట్ చెయ్, వచ్చేయ్. అనవసరంగా ఎవరితోనూ ఆర్గ్యుమెంట్ పెట్టుకోకు" అన్నారు.

"ఆమె చచ్చిపోతానంటోంది, తెలుసా?"

"ముసలాళ్ళు అంటారే అలా."

ఆయన కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాను.

కమిటీ కూర్చున్న రోజు ఆమెను కూడా పిలిచారు, ఆమె సంగతే కాబట్టి. నేను పక్కన కూర్చుని చెవిలో రష్యన్ చెబుతున్నాను. ప్రొఫెసర్ గోడ మీద స్లైడ్లు వేశాడు. అందరి జవాబులూ ఒకేలా ఉన్నాయంటే, ఈ పెద్దవాళ్ళకు యాక్టివిటీ అంటే పైనుంచి వచ్చే ఆజ్ఞ మాత్రమేననీ, సొంతంగా మొదలుపెట్టే స్వభావం అణిగిపోయిందనీ, కాబట్టి ఎవరైనా చేయి పట్టుకుని చేయిస్తేనే మంచిదనీ తేల్చాడు. డైరెక్టరమ్మ తలూపుతూ రాసుకుంటోంది. నా పక్కన కూర్చున్నామె ఎవరూ చెప్పకుండా రోజూ పొద్దున్నే స్టూలు లాక్కుని కూర్చునే మనిషి!

ఇక ఆగలేకపోయాను. "అవి వాళ్ళ జవాబులు కావు సార్. బయట అనుకుని వచ్చి చెప్పినవి. మీరు గవర్నమెంటు మనిషి అనుకున్నారు, భయపడ్డారు. మా ఊరివాళ్ళయినా అదే చేస్తారు. ఎవరితోనూ కూడబలుక్కోకుండా చెప్పింది ఈమె ఒక్కతే. ఈమెనే మీరు లెక్కలోంచి తీసేశారు. ఈమె జవాబులు వెయ్యండి గోడ మీద!"

ప్రొఫెసర్ గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఆయన కళ్ళు మళ్ళీ మెరిశాయి. "కూడబలుక్కున్నారా? అది కూడా ఆసక్తికరమే. ఫుట్‌నోట్ పెడదాం" అన్నాడు.

"మీ ప్యాషన్ నాకు చాలా నచ్చింది డియర్" అంది డైరెక్టరమ్మ. ఆపైన ఆమె నిజంగానే కరిగినట్టు కనిపించింది. "ఈవిడకు వంటంటే అంతిష్టమైతే మనం ఊరుకుంటామా? గురువారాలు హాల్లో కుకింగ్ యాక్టివిటీ పెడదాం. వంటిల్లు వద్దు, అంతే."

ట్రామ్ నడిపినామె చెవిలో చెప్పాను. "నేనడిగింది అది కాదు" అందామె. అదే ఇంగ్లీషులో చెప్పాను. "ట్రై చేద్దాం, ట్రై చేద్దాం" అని అందరూ లేచారు.

గురువారం వచ్చింది. హాల్లో బల్లకు ప్లాస్టిక్ గుడ్డ పరిచారు. తలా ఒక పేపర్ ప్లేటు, ప్లేటులో ఒక అరటిపండు, పక్కన తెల్ల ప్లాస్టిక్ చాకు. ట్రామ్ నడిపినామె వంటింటి తలుపు వైపు చూసింది. లోపల వంటావిడ ఒక్కతే గడ్డలు కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తలుపుకి కొత్తగా తాళం గడియ పెట్టారు.

ఆమె అరటిపండు తొక్క ఒలిచింది. సమంగా ముక్కలు కోసింది. న్యూస్‌లెటర్ కోసం ఎవరో ఫోటో తీశారు. ముక్కలన్నీ కోశాక చాకు కింద పెట్టి, "ఇప్పుడు వీటితో ఏం చెయ్యాలి?" అని నన్ను అడిగింది. నేను డైరెక్టరమ్మను అడిగాను.

"ఏమీ లేదు, అంతే! అయిపోయింది. గ్రేట్ జాబ్!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా కొట్టారు. చదరంగం తాత ఒక్కడే కొట్టలేదు, తల దించుకుని కూర్చున్నాడు.

"ఏమంటోంది?" అంది ఆమె.

"బాగా చేశారంటోంది."

"ఏం చేశాను?"

సిగ్గూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె నా చెయ్యి తట్టి, కోటు తీసుకుని, వ్యాన్ వచ్చేదాకా వాకిట్లో నిలబడింది.

మర్నాడు వ్యాన్‌లో ఉండే సహాయకురాలు సెలవు పెడితే నేనెక్కాను. ఆమె ఇల్లు వచ్చింది. రోజూ కోటు వేసుకుని వాకిట్లోనే ఉండేదట. ఆరోజు లేదు. డ్రైవరూ నేనూ వెళ్ళి తలుపు కొట్టాం. తీసింది. కోటు లేదు, కాళ్ళకు ఇంటి చెప్పులు. రాకపోతే సీటు పోతుందని, ఆ నర్సూ ఆ భోజనమూ పోతాయని, నేను రష్యన్‌లో గబగబా మొదలుపెట్టాను. చేయెత్తి ఆపింది. ఆమె భుజం మీంచి గదంతా కనిపిస్తోంది. పరుపు సర్దేసి ఉంది, బల్ల ఖాళీగా ఉంది, పొయ్యి మీద ఏమీ లేదు. థాంక్యూ తప్ప ఇంగ్లీషు మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఆ పూట మధ్యలో నేను అక్కర్లేకుండా, డ్రైవర్ మొహంలోకి సూటిగా చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా తనే చెప్పింది.

"నో. ఐ యామ్ బిజీ."